మేధో వైకల్యం గల యువత వయోజన దశా ప్రవేశం

మేధో వైకల్యం గల యువత వయోజన దశా ప్రవేశం అనగా బుద్ధి వికాసంలో పరిమితులు గల యువతీ యువకులు పాఠశాల జీవితం ముగించి పెద్దల జీవితంలో అడుగిడే కాలం. ఆ కాలంలో వారికి కుటుంబం, పాఠశాల, ప్రభుత్వం అందించవలసిన తోడ్పాటు కూడా ఈ విషయం క్రిందకే వస్తుంది. భారతదేశంలో ఇందుకు 18వ సంవత్సరం కీలకమైనది. ఆ వయసుతో ఉచిత విద్య హక్కు, తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం రెండూ ఒకేసారి ముగుస్తాయి. "మా తరువాత బిడ్డకు దిక్కెవరు?" అన్న తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానం ఈ దశలో జరిగే ఏర్పాట్లపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పదజాలం

మేధో వైకల్యాన్ని పూర్వం బుద్ధిమాంద్యం అని వ్యవహరించేవారు. ఇది మానసిక వ్యాధి కాదు. మానసిక వ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. మేధో వైకల్యం ఎదుగుదల కాలంలోనే కనిపించి జీవితాంతం ఉంటుంది. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా దీనికంటే భిన్నమైనవి. వాటిలో చదువుట, వ్రాయుట, లెక్కించుట వంటి నైపుణ్యాలలో మాత్రమే ఇబ్బంది ఉంటుంది.

చట్టరీత్యా వచ్చే మార్పు

1875 నాటి భారత మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినవారు మేజరులు. వైకల్యం ఉన్నంత మాత్రాన ఇందుకు మినహాయింపు లేదు. అందువలన ఆ తరువాత తల్లి గాని తండ్రి గాని కేవలం జన్మహక్కుతో వారి తరఫున సంతకం చేయలేరు. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడో, ఆస్తి పంపకాలు జరిగేటప్పుడో ఈ సంగతి తెలిసి అనేక కుటుంబాలు ఇబ్బంది పడతాయి.

మేజరు అయినందున హక్కులు కూడా సంక్రమిస్తాయి. మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటించిన వారికి మాత్రమే ఆ కారణంగా ఓటు హక్కు ఉండదు. కనుక మేధో వైకల్యం ఉన్నదన్న ఒక్క కారణంతో ఓటరుగా నమోదును నిరాకరించరాదు.

పాఠశాలలో సన్నాహం

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం గల బాలలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కును కల్పించింది. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించబడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ప్రస్తుతం జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ) ప్రత్యేక పాఠశాలల కొరకు ఒక మదింపు పట్టికను రూపొందించింది. అందులో విద్యార్థులను పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, మాధ్యమిక, వృత్తి పూర్వ వర్గాలుగా విభజించారు. చివరిదైన వృత్తి పూర్వ వర్గం 15 నుండి 18 ఏళ్ల వారికి ఉద్దేశించినది. ఇందులో అక్షరాల కంటే డబ్బు లెక్క, గడియారం చూచుట, వంట, ప్రయాణం, పనివేళలు పాటించుట వంటి వాటికి ప్రాధాన్యం ఉంటుంది.

ఈ బోధనలో ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి నేర్పుతారు. ఉదాహరణకు బస్సు ప్రయాణాన్ని స్టాపులో నిలుచుట, బస్సు నంబరు గుర్తించుట, ఎక్కుట, టిక్కెట్టు తీసుకొనుట, దిగవలసిన చోటును గుర్తుపట్టుట అని విభజిస్తారు. ఒక్కొక్క మెట్టు నేర్చుటకు నెలలు పట్టవచ్చు. ఈ కారణం చేత 18 ఏళ్లు నిండిన తరువాత సన్నాహం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

సంరక్షకుని నియామకం

1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారికి వర్తిస్తుంది. దీని ప్రకారం తల్లిదండ్రులు లేదా బంధువులు సంరక్షకుని నియామకం కొరకు జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకొనవచ్చు. కమిటీలో నమోదిత స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల ఒక వ్యక్తి కూడా ఉంటారు.

కమిటీ ముందుగా రెండు విషయాలు పరిశీలించాలి: ఆ వ్యక్తికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏ ప్రయోజనాల కొరకు. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలలలోపు ఆస్తుల జాబితాను, ఆపై ప్రతి సంవత్సరం లెక్కలను సమర్పించాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తిని దుర్వినియోగపరచినా అతనిని తొలగించవచ్చు.

ఉపాధి, భద్రత

1995 నాటి వికలాంగుల చట్టం కల్పించిన 3 శాతం ఉద్యోగ రిజర్వేషనులో మేధో వైకల్యం గలవారికి చోటు లేదు. 2016 చట్టం రిజర్వేషనును 4 శాతానికి పెంచి, అందులో ఒక శాతాన్ని వీరికి, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు గలవారికి కలిపి కేటాయించింది. ఉద్యోగం చేయలేనివారు ఆశ్రిత కార్యశాలలలో కాగితపు సంచులు, కొవ్వొత్తులు, ఫైలు అట్టలు తయారు చేయుట వంటి పనులు చేస్తారు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది.

సంరక్షణా, స్వేచ్ఛా?

భారతదేశం 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక, వైకల్యం గలవారికి ఇతరులతో సమానమైన చట్టపరమైన గుర్తింపు ఉండాలని చెబుతుంది. 2009లో సుప్రీంకోర్టు ఒక కేసులో, స్వల్ప మేధో వైకల్యం గల మహిళ గర్భస్రావం విషయంలో ఆమె సమ్మతిని త్రోసిపుచ్చరాదని తీర్పునిచ్చింది. 2016 చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని ప్రవేశపెట్టింది. ఇందులో సంరక్షకుడు నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్ట కాలానికి మాత్రమే, ఆ వ్యక్తి ఇష్టానుసారం, వారితో సంప్రదించి వ్యవహరించాలి.

1999, 2016 చట్టాలు రెండూ అమలులో ఉన్నందున ఏ మార్గం అనుసరించాలన్న సందిగ్ధత ఏర్పడుతున్నది. వాస్తవానికి అన్ని నిర్ణయాలకూ ఒకే స్థాయి సహాయం అవసరం ఉండదు. ఆస్తి అమ్మకాన్ని అర్థం చేసుకొనలేని యువకుడు తాను ఏ పని చేయదలచినదీ, ఎవరితో నివసించదలచినదీ స్పష్టంగా చెప్పగలడు. ఆ మాట వినుట కూడా సంరక్షణలో భాగమే.

కుటుంబాలు గమనించవలసినవి

* 14, 15 ఏళ్ల నుండే ఇంటిలోను, పాఠశాలలోను పనులు, ప్రయాణం, డబ్బు వాడుక నేర్పుట.
* 18 ఏళ్లు నిండగానే వైకల్య ధ్రువపత్రాన్ని సరిచూచుకొనుట, ఓటరుగా నమోదు చేయించుట.
* సంరక్షకుడు అవసరమా, ఎంత మేరకు అవసరమో యువతీ యువకుల సమక్షంలోనే చర్చించుట.
* తల్లిదండ్రుల అనంతరం బాధ్యత వహించవలసిన తోబుట్టువులను, బంధువులను ముందుగా సంప్రదించి వారి సమ్మతి పొందుట.