నాణకసంగ్రాహకులు - దృష్టిభేదములు

పాణిన్యాచార్యుఁడు రూపశబ్దముపై ఆహతార్థమున యప్‌ప్రత్యయమును విధించి రూప్యశబ్దమును సాధించెను. ఆహత మనఁగాఁ గొట్టఁబడినది. లోహఖండముపై దెబ్బచే నేర్పడిన రూపము గలది రూప్య మని కాశికాకారులు వివరించి దీనారాదుల నుదాహరించిరి. లోహము వేఱు, దానిపై రూపము వేఱు, ఆ రూపమును గొట్టించినవాని యధికారము వేఱు. ఈ మూఁడును గూడినపుడే నాణె మగును. కావున నాణెములఁ గూర్చువారిలో నొకఁడు లోహమును, నొకఁడు రూపమును, వేఱొకఁడు గొట్టించిన రాజును దేశకాలములను జూచుట సహజమే. ఈ భేద మల్పముగాఁ దోఁచినను మన దేశచరిత్రమునఁ గొన్ని ఘట్టములు దీనిపైననే యాధారపడి యున్నవి.

క్రీ. శ. 5వ శతాబ్దిలో సింహళమున విశుద్ధిమార్గమును రచించిన బుద్ధఘోషాచార్యుఁడు సంజ్ఞా విజ్ఞాన ప్రజ్ఞల తారతమ్యమును దెలుపుటకు నాణెములనే దృష్టాంతముగా గ్రహించెను. షరాబు పలకమీఁద కార్షాపణములు రాశిగాఁ బోయఁబడి యున్నవి. తెలివి యింకను విప్పారని బాలుఁడు వానియందలి చిత్రాకారములను మాత్రమే చూచును. పల్లెవాఁడు ఇవి మనుజుల యుపభోగమునకు సాధనము లని కూడ నెఱుఁగును. కాని వానిలో మంచి దేది, కూట మేది యని యెఱుఁగఁడు. షరాబో, కంటఁ జూచి, మ్రోఁత విని, వాసన చూచి, రుచి చూచి, చేతఁ దూఁచి, యిది యీ గ్రామమునఁ గాని నగరమునఁ గాని, యీ నదీతీరమునఁ గాని, యీ శిల్పిచేఁ జేయఁబడిన దని చెప్పఁగలఁడు. ఈ మూఁడు దృష్టులును నేఁటి నాణకసంగ్రాహకులయందును గానవచ్చుచున్నవి.

అయినను ప్రాచీనుల నాణకపరీక్ష చరిత్రకొఱకుఁ గాదు. కౌటిల్యుఁడు చెప్పిన రూపదర్శకుఁడు వ్యవహారమునకును గోశమునకును దగిన పణమును నిర్ణయించువాఁడు. కూటమును మంచిదనియు మంచిదానిని గూటమనియుఁ జెప్పు నాణకపరీక్షికి యాజ్ఞవల్క్యస్మృతి యుత్తమసాహసదండమును విధించినది. చెల్లుబడి తప్పిన నాణెము కరఁగింపఁబడుటయో, దానిపై క్రొత్తముద్ర వేయఁబడుటయో మిక్కిలిగా జరుగుచుండెను. చెల్లని నాణెమును జెల్లనిదానిగానే దాఁచి, దానిని సాక్షినివలెఁ బ్రశ్నించు నభ్యాసము మన దేశమున ముఖ్యముగా 18వ శతాబ్ది చివరినుండియే ప్రబలినది.

అంతకు మున్ను జనులు నాణెములను దాఁచలేదని చెప్పరాదు. ఆంధ్రస్త్రీలు బంగారు కాసులను గ్రుచ్చి కాసులపేరుగా ధరించిరి. శ్రీరామపట్టాభిషేకము గల రామటంకములను గృహస్థులు దేవతార్చనలో నుంచి పూజించిరి. ఈ టంకములు అంగడిలోఁ జెల్లుటకై రాజులు గొట్టించినవి గావు, భక్తిచిహ్నములు. కాలమును నిర్ణయింపఁబూనువానికి వీనివలనఁ గలుగు ప్రయోజన మల్పము. అయినను భక్తి యను కంచె లేకున్న వీనిలోఁ బెక్కు కంసాలి మూసఁ జేరియుండెడివి. ప్రయోజన మెఱుఁగకయే కాపాడినవాఁడును గాపాడినవాఁడే.

శాస్త్రార్థముగాఁ గూర్చినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) ముఖ్యుఁడు. ఆయన కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగు దేశీయ సహాయుల తోడ్పాటుతో గ్రామచరిత్రములు, శాసనములు, తాళపత్రగ్రంథములతోపాటు నాణెములను గూడఁ గూర్చెను. 1828లో విల్సను ప్రకటించిన వివరణమునుబట్టి యా నాణెములు ఆఱువేలకు మించినవి. ఆయనకు నాణె మొంటరి వస్తువు గాదు; కైఫియతునకును శాసనమునకును దోడుసాక్షి.

సర్ వాల్టర్ ఎలియట్ (1803-1887) మార్గము కొంత భిన్నము. ఉత్తర సర్కారులలోఁ గమీషనరుగా నున్న యీయన 1845లో అమరావతి స్తూపమును ద్రవ్వించినవాఁడు. తూర్పుతీరపు టిసుకదిబ్బలయందు గాలివానలు వెలసిన పిదప జాలరుల స్త్రీలును బిల్లలును చిన్న నాణెములను ఏఱుకొని చిల్లరవస్తువులకు మాఱ్చుకొందు రనియు, అవి తుదకుఁ గంచరుల కొలిమిఁ జేరు ననియు ఆయన వ్రాసెను. బంగారమును వెదకువాఁడు కన్నెత్తి చూడని యా సీసపుబిళ్ళలలోనే రెండు కొయ్యల యోడ గల శాతవాహన నాణెము లున్నవి. ఆంధ్రరాజుల కాలపు సముద్రయానమునకు వానికంటెఁ బ్రత్యక్షసాక్ష్య మఱుదు. దక్షిణదేశపు నాణెములను గూర్చిన ఆయన గ్రంథము 1886లో వెలువడునాఁటికి ఆయనకు చూపు దాదాపుగా లోపించి యుండెను. బుద్ధఘోషుఁడు చెప్పిన షరాబు ప్రజ్ఞ కంటియందు మాత్రమే లేదని దీనివలన నేర్పడుచున్నది.

సంగ్రాహకులలో మఱియొక భేదము గలదు. ఒక్కొక్క రకమున కొక్కొక్క నాణెము చాలునని యెంచువారు కొందఱు. దొరకిన రాశి నంతయుఁ జెదరనీయక పరీక్షింపవలె ననువారు కొందఱు. మొదటివారి పెట్టె చూడ ముచ్చటగా నుండును. రెండవవారి పద్ధతి విలువ జోగల్‌తెంబి నిధివలనఁ దెలియును. 1906లో నాసిక మండలమందలి యా గ్రామమున క్షహరాత నహపానుని వెండినాణెములు 13,250కిఁ బైగా దొరకెను. వానిలో 9,270కి మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మఱల వేయించి యున్నాఁడు. రకమున కొకటి చాలునన్నవాఁడు నహపానుని నాణెము నొకదానిని, పునర్ముద్రిత మొకదానిని దీసికొని తృప్తి నొందెడివాఁడే. రాశిని విభజింపక లెక్కించుటచేతనే నూటికి డెబ్బదిపాళ్లు పునర్ముద్రితము లని తేలినది. శత్రురాజు నాణెముపై నొకానొకప్పుడు ముద్ర వేయుట వేఱు. అతని వెండి నింతటి పరిమాణమున వశపఱచుకొని తన పేరఁ జెల్లించుట వేఱు. మఱియు స్కాట్ పండితుఁడు వీనిని బరీక్షించి, యొకే రాజు పేరు గల నాణెములయందు ముఖములు పలుతెఱఁగుల నుండుటను గుర్తించెను. ఒక్కనాణెమునఁ గానరాని సంశయము రాశియందే పుట్టును. సమాధానమును రాశియందే వెదకవలెను.

రాశికంటెను ముఖ్యమైనది స్థలము. తూర్పుచాళుక్యులగు శక్తివర్మ, రాజరాజుల వరాహలాంఛనము గల పలుచని బంగారునాణెములు అరకాను తీరమందలి చెదుబా ద్వీపమునను దొరకినవి. నన్నయభట్టారకుని పోషించిన రాజు నాణెము వేఁగినాట దొరకిన వింత లేదు. సముద్రమున కావల దొరకుటయే విశేషము. ఆ స్థలము వ్రాసి యుంపఁబడకున్న నవియు నేదో యంగడినుండి వచ్చిన బంగారుబిళ్ళలుగానే మిగిలి యుండెడివి.

దీనికి మఱింత బలీయమైన నిదర్శనము కోటిలింగాల. ఇది పూర్వపు కరీంనగరు మండలమున, నేఁటి జగిత్యాల జిల్లాలో గోదావరీతీరమునందున్న గ్రామము. గతశతాబ్ది చివరి పాదమున అచ్చటి నేలపైఁ బెక్కు నాణెములు దొరకినవి. పుట్టపర్తివారి పేరువలెఁ గావ్యజగత్తునఁ గాక, శాసనజగత్తునఁ బేరొందిన పరబ్రహ్మశాస్త్రిగారు వానిని బరిశీలించి ప్రకటించిరి. గోభద, నారన, సమగోప మొదలగు నదివఱ కెఱుఁగని పేరులతోపాటు చిముక నామము గల నాణెములును నందుఁ గానవచ్చినవి. శాతవాహన మూలపురుషుని పేరు మత్స్యపురాణమున శిశుకుఁ డనియు, వాయుపురాణమున సింధుకుఁ డనియు, విష్ణుపురాణమున శిప్రకుఁ డనియుఁ గలదు. నానాఘాటు గుహలోని ప్రతిమాలేఖ మాతనిని సిముకుఁ డనుచున్నది. లేఖకదోషములచే వికృతమైన పేరునకు శిలయు, లోహమును బాఠనిర్ణయ మొనర్చుట పండితులకుఁ బ్రీతికరమే. నాణెములందలి చిముకుఁడును మూలపురుషుఁడగు సిముకుఁడును నొక్కఁడే యగునా యనువిషయమునఁ బండితు లేకాభిప్రాయులు గారు. ఐనను వివాదము పుట్టుటకే యాధారమైనది నాణెమునకుఁ దోడుగా నిలిచిన యూరిపేరు. ఆ నాణెములే స్థలము చెప్పక నగరపు టంగడిలో విక్రయింపఁబడి యున్నచో, శాతవాహనుల తొలినెలవును గూర్చిన చర్చలో తెలంగాణమునకుఁ గల వాదబలము చాల తగ్గియుండెడిది.

సేకరించినవాఁడు తుదకు దానిని ఏమి చేసె ననునదియు దృష్టికి గీటురాయి. క్షత్రప నాణెములపై జీవితమును వెచ్చించిన పండిత భగవాన్‌లాల్ ఇంద్రజీ 1888లో గతించునపుడు తన సంగ్రహమును బ్రిటిషు మ్యూజియమునకు వ్రాసియిచ్చెను. 1908లో రాప్సను రచించిన ఆంధ్ర, క్షత్రప నాణకపట్టికకు ఎలియటు సేకరణమును, ఇంద్రజీ సేకరణమును మూలద్రవ్యములైనవి. వస్తువులు దేశమున నిలువకుండుట చింతింపఁదగినదే. కాని చెదరక యొకచోట నుండుటచే విద్యార్థికి లభ్యములైనవి.

రూపమాత్రమును మెచ్చువాఁడు మెఱుఁగుకొఱకు చింతపండుతోఁ దోమి యక్షరములను జెఱుపును. మూల్యమాత్రమును జూచువాఁడు ధరకొఱకు నిధిని విడఁదీసి దొరకిన చోటును మఱుఁగుపఱచును. అట్టివాఁడు పెంచిన ధరయే కూటనాణెములకుఁ బుట్టినిల్లు. పదిరూపాయలకు మించిన నిధి దొరకినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలె నని 1878 నాఁటి నిధిచట్టము విధించినది. కాని భయముచేఁ గరఁగించువానిని జట్టము వెనుకకుఁ దేఁజాలదు. ఊరిలోని యుపాధ్యాయుఁ డొకఁడు దొరకిన పొలము పేరును, దినమును, నాణెముల సంఖ్యను, తూనికను నొక కాగితమున వ్రాసినచో నది చట్టముకంటె నెక్కువ మేలు చేయును.

బాలుని యానందము దూష్యము గాదు. షరాబును నొకప్పుడు బాలుఁడే. పల్లెవాని లోభమును గేవలము దూష్యము గాదు. విలువ యెఱుఁగనివాఁ డసలే దాఁపఁడు. అయితే వ్యాకరణమునఁ బ్రకృతి ప్రత్యయములు విడివడినచో నర్థము సిద్ధింపనట్లు, నాణెమును దొరకిన చోటును విడివడినచోఁ జరిత్రము సిద్ధింపదు. రెంటిని గలిపి నిలుపువాఁడే నాణకసంగ్రాహకుఁడు, తక్కినవారు లోహసంగ్రాహకులు.