రంగం వెళ్లొచ్చిన తాతలు: తిరిగొచ్చిన వలస కూలీల ఆనవాళ్లు ఎక్కడ వెతకాలి?

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లోని మాలపేటల్లో, మాదిగపేటల్లో పెద్దవాళ్లను కదిలిస్తే 'మా తాత రంగం ఎల్లొచ్చాడు' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. కొన్ని ఇళ్లలో అది నెటాల్, మరికొన్నింట్లో మారిషస్, ఫిజీ. ఏ ఏడు పోయాడు, ఏ ఓడలో వచ్చాడు అని అడిగితే మాత్రం కథ అక్కడే ఆగిపోతుంది. అక్కడే ఉండిపోయినవాళ్ల వారసులు ఊళ్లు వెతుక్కుంటూ ఇక్కడికి వస్తున్నారు. తిరిగొచ్చినవాళ్ల మనుమలు వెతకడం మొదలుపెట్టింది ఈమధ్యనే. వాళ్లకు పనికొస్తుందని మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

మన ఊరి రికార్డుల్లో దళిత పూర్వీకుల పేర్లు దొరకడం కష్టం. పట్టా, అడంగల్ భూమి ఉన్నవాళ్లవి. పాలేరు పేరు ఏ దస్తరంలోనూ ఎక్కలేదు. అదే మనిషి మద్రాసు రేవులో ఓడ ఎక్కితే గుమాస్తా అతని పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీది మచ్చలు అన్నీ రాసుకున్నాడు. అది గౌరవంతో చేసిన పని కాదు. ఒప్పందం తప్పించుకుని పారిపోతే పట్టుకోవడానికి. అయినా చాలా దళిత కుటుంబాలకు ముత్తాత గురించి మిగిలిన కాగితం అదొక్కటే.

నెటాల్ సంగతి తీసుకుందాం. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు అక్కడికి వెళ్లారు. వాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఎక్కినవాళ్లే. ఒక్కొక్కరికీ ఒక కలోనియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. జీతం, జబ్బు, ఫిర్యాదు, చావు, అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఓడ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు కూడా. చివర ఉండే రిమార్కుల గడిని వదలకండి. తిరిగొచ్చిన సంగతి, ఓడ పేరు, తేదీ రాసి ఉంటే అక్కడే ఉంటాయి. అయిదేళ్ల ఒప్పందం, మరో అయిదేళ్లు అక్కడే ఉంటే ఉచిత తిరుగు ప్రయాణం. కాబట్టి 1885లో పోయిన మనిషిని 1895 చుట్టూ వెతకాలి. 1895లోనే నెటాల్ ప్రభుత్వం, ఒప్పందం ముగిశాక ఉండిపోయేవాళ్ల మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసే చట్టం చేసింది. ఆ తర్వాత తిరుగు ఓడలు ఎక్కినవాళ్లందరూ ఊరి మీద బెంగతో ఎక్కలేదు.

జాబితా చదివేటప్పుడు మూడు చిక్కులు. ఇంటిపేరు ఉండదు. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తాకు ఎలా వినపడితే అలా ఉంటుంది, కాబట్టి పైకి చదివి చూడాలి. జిల్లాలు మారిపోయాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. అంతకు ముందరి కాగితాల్లో ఆ ఊళ్లు వైజాగపటం కిందో గంజాం కిందో ఉంటాయి. చిత్తూరు ఊళ్లు చాలావరకు నార్త్ ఆర్కాట్‌లో దొరుకుతాయి. కులం గడిలో మాల, మాదిగ, పరయా అని ఉంటాయి. కానీ అక్కడ చెప్పిందంతా నిజమని కాదు, ఓడ ఎక్కేచోట కులం మార్చి చెప్పుకున్నవాళ్లున్నారు. మనం వెతికే మనిషి వేరే కులం పేరుతో కనిపిస్తే వెంటనే కొట్టేయకండి. తండ్రి పేరు, ఊరు కలుస్తున్నాయా చూడండి.

ఆడవాళ్లకు కూడా విడిగా నంబరు, తండ్రి పేరు ఉంటాయి. ఇంటి వంశవృక్షంలో 'ఫలానావాడి భార్య'గా మిగిలిపోయిన అవ్వ ఇక్కడ సొంత పేరుతో దొరుకుతుంది.

ఫిజీకి మద్రాసు ఓడలు 1903 నుంచి 1916 వరకు నడిచాయి. ఆ ఎమిగ్రేషన్ పాసుల్లో ఊళ్లో ఉన్న దగ్గరి బంధువు పేరు రాసే గడి ఉంది. పోయినవాడు మనకు తెలియకపోయినా ఆ బంధువు మన ముత్తాత కావచ్చు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి అక్కడ కూలీల ఫొటోలు కూడా తీశారు.

తిరిగొచ్చాక ఏమైంది? 1871లో నెటాల్ నుంచి తిరిగొచ్చిన మొదటి కూలీలు మద్రాసులో దిగగానే జీతాలు ఎగ్గొట్టారని, కొట్టారని వాంగ్మూలాలిచ్చారు. వాటి వల్లే అక్కడ 1872లో కూలీ కమిషన్ కూర్చుంది. మన కూలీలు మాట్లాడిన చరిత్ర అది. 1927 కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత డబ్బిచ్చి పంపేసినవాళ్ల పరిస్థితి మీద భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది 1931లో నివేదిక ప్రచురించారు. ఊళ్లు చేర్చుకోక, సముద్రం దాటారని, కులం చెడ్డారని తోసేస్తే, చాలామంది కలకత్తా మటియాబుర్జ్ మురికివాడల్లో మిగిలిపోయారు. కాబట్టి తాత ఊరు చేరిన ఆధారం దొరక్కపోతే రేవు పట్టణాల్లో కూడా వెతకాలి.

ఊరు చేరి నాలుగు గుంటలు కొన్నవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లండి. ఒకటో ఇండెక్సు పేర్ల వారీగా, రెండోది ఆస్తి వారీగా ఉంటుంది. అందరూ సర్వే నంబరుతో రెండోది అడుగుతారు. మనకు కావాల్సింది ఒకటోది. దానిలో కొన్నవాడి పేరు దొరికితే దస్తావేజు నకలు తీసుకోవచ్చు.

బర్మా దారి వేరు. అక్కడికి ఒప్పందం పాసులు లేవు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడ ఎక్కించేవాడు. అందుకే ఎక్కువమంది వెళ్లిన చోటికే తక్కువ కాగితాలు మిగిలాయి. ఇక్కడ ముసలివాళ్ల జ్ఞాపకమే పత్రం, దాన్ని తేదీలతో సరిచూసుకోవాలి. 'గొడవల్లో వచ్చేశాడు' అంటే 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల కాలం కావచ్చు. 'నడిచొచ్చాడు' అంటే 1942, జపాన్ బాంబుల తర్వాత అరకాన్, మణిపూర్ కొండల దారి. 'ఓడలో, కార్డుతో వచ్చారు' అంటే 1960ల్లో నెవిన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక వచ్చిన కాందిశీకులు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ గుర్తే.

ఈ చివరి బృందానికి వెతుకులాట చరిత్ర కోసం మాత్రమే కాదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆ నాటికి కుటుంబం శాశ్వత నివాసం ఎక్కడ అన్నది కుల ధ్రువీకరణలో అడుగుతారు. ఆ రోజు తాత రంగూన్‌లో ఉంటే ఆయన పుట్టిన ఊరు చూపే కాగితం ఏదైనా విలువైనదే.

చర్చి రిజిస్టర్ల విషయంలో ఒక జాగ్రత్త. నెల్లూరు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను నెటాల్ పంపారు. అక్కడి తెలుగు సంఘాల బాప్తిస్మం, పెళ్లి రికార్డుల్లో మనవాళ్ల పేర్లు దొరుకుతాయి. అయితే 1950 ఉత్తర్వు క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వదు. ముత్తాత బాప్తిస్మం కాగితాన్ని మనుమరాలి సర్టిఫికెట్ విచారణలో ఎదురు సాక్ష్యంగా వాడే ప్రమాదం ఉంది. అందుకే ఏ కుటుంబం కాగితాన్నయినా ఆ ఇంటివాళ్ల అనుమతి లేకుండా మేం పేర్లతో ప్రచురించం. మీరు సేకరించేటప్పుడు కూడా మొదట వాళ్లనే అడగండి.