కొయ్యబండికి కడచీల పెట్టేదెవరు?

మహానంది శివరాత్రి తిరునాళ్ళకు వెళ్ళివచ్చిన వాళ్ళకు రథోత్సవం సంగతి వేరే చెప్పనక్కరలేదు. స్వామికి దండం పెట్టుకుంటాం, తాళ్ళు పట్టి లాగే జనాన్ని చూస్తాం, పైనున్న పూల అలంకారాన్ని మెచ్చుకుంటాం. కాని రథం కింద ఏముందో వంగి చూసేదెవరండీ? అంత బరువు ఏ ఇరుసు మీద నిలిచింది, ఆపాలంటే చక్రం కింద దిమ్మ ఎప్పుడు వేస్తారు అని అడిగేది సాధారణంగా మగపిల్లవాడే. ఆడపిల్ల అడిగితే "నీకెందుకే, జనంలో తప్పిపోతావు, రా" అని చెయ్యి పట్టి లాక్కుపోతాం.

ఆ "నీకెందుకే" అన్న మాటను గూర్చే ఇవాళ మీతో నాలుగు ముక్కలు చెప్పాలని వుంది.

ఈ మధ్య పట్టణాల్లో పిల్లలకూ పెద్దలకూ ఒక కొత్త సరదా పట్టుకుంది. పెట్టెలో పలుచని పొరచెక్క పలకలు వస్తాయి. వాటిలో ముందే కోసి వుంచిన ముక్కలను ఊడదీసి, పళ్ళచక్రాలూ ఇరుసులూ ఒకదానిలో ఒకటి అమర్చుకుంటూ పోతే గడియారమో, రైలింజనో తయారవుతుంది. చాలావాటికి జిగురు అక్కరలేదు. రబ్బరు పట్టీ మెలిపెట్టి వదిలితే బండి తనంతట తాను నడుస్తుంది. ఉక్రెయిన్ దేశంలో 2014లో మొదలైన యుగేర్స్ అనే సంస్థ వీటిని దేశదేశాలకూ పరిచయం చేసింది.

ఇది నిన్న పుట్టిన ఆలోచన కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ పసిపిల్లల బడి పెట్టి, కొయ్య బంతి, కొయ్య ఘనం, కొయ్య స్తంభం వాళ్ళ చేతికిచ్చాడు. 1901లో ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ చిల్లులు పొడిచిన లోహపు బద్దలతో మెకానో అన్న ఆటసామాను తెచ్చాడు. 1914లో అమెరికాలో కొయ్య ఉండలూ పుల్లలూ కలిపి కట్టుకునే టింకర్‌టాయ్ వచ్చింది. కాని ఒక్క సంగతి గమనించండి. మెకానో ప్రకటనలు అది మగపిల్లల ఇంజనీరింగు అనే చాటేవి. ఆడపిల్లకు బొమ్మా, బొమ్మకు పెట్టే బువ్వా. సముద్రాలు దాటినా వరస ఒకటే!

ఇక మన సంగతి చూద్దాం. తెలుగులో "కీలు" అన్న చిన్నమాట వుంది. కీలుబొమ్మ అంటాం, కీలెరిగి వాత పెట్టమంటాం. ఆకాశాన ఎగిరే కీలుగుర్రం కథ చెప్పి పిల్లలకు అన్నం తినిపించాం. 1949లో అది సినిమాగా కూడా వచ్చింది. పదకొండో శతాబ్దిలో భోజరాజు పేరిట వున్న సమరాంగణ సూత్రధారంలో యంత్రాలకు ఒక అధ్యాయమే వుంది. దీపంలో నూనె పోసే కొయ్యబొమ్మల ప్రస్తావన అందులో కనబడుతుంది. నూనె పోసే పని బొమ్మకైనా ఆడరూపానికే అప్పగించారనుకోండి, అది వేరే మాట!

కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో అవయవాలను విడివిడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన ముద్దతో అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన మీద తిప్పి లక్కరంగు పట్టిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవి పేరున్న పనులు. పేరులేని పని ఒకటి మన నంద్యాల, ఆళ్ళగడ్డ పల్లెల్లోనే వుండేది.

ఈ సీమ జొన్నకూ పత్తికీ పెట్టింది పేరు. ఆ నల్లరేగడి మహిమ చూసే నంద్యాలలో 1906లోనే వ్యవసాయ పరిశోధనా స్థానం వెలిసింది. జొన్నకోత అయిందంటే పిల్లలకు సామాను పెట్టె తెరిచినట్టే. దంటు పైబెరడు ఒలిస్తే లోపల తెల్లని బెండు. బెండు దూలమవుతుంది, బెరడు చీలిక మేకవుతుంది. బెండుకు బెరడు గుచ్చి గుచ్చి కాడి, నొగ, బండితొట్టి అన్నీ నిలబెట్టేవారు. పాత చెప్పు అట్ట గుండ్రంగా కోస్తే చక్రం. పైసా ఖర్చు లేదు, కాగితం మీద బొమ్మా లేదు. బెరడు అంచు కత్తిలా వుంటుంది, వేలు తెగితే పసుపు అద్దుకుని మళ్ళీ కూర్చునేవారు. ఎక్కడ బిగిస్తే నిలుస్తుందో, ఎక్కడ వదులుంచితే తిరుగుతుందో ఆ వేళ్ళకు తెలిసేది. యంత్రశాస్త్రంలో మొదటి పాఠం అదే కదండీ!

ఆ బండి ఎక్కువగా అబ్బాయిలు చేసేవారు. అమ్మాయిలు పక్కన గురుగుల్లో ఉత్తుత్తి వంట వండేవారు. మరి పెద్దయ్యాక కొయ్యమరతో పనిపడింది ఎవరికి?

గొర్రును తీసుకోండి. కొయ్యతో చెక్కిన జడ్డిగం, దాని అడుగున రంధ్రాలు, రంధ్రాల నుంచి వెదురు గొట్టాలు, గొట్టాల కింద మట్టిని చీల్చే పళ్ళు. ఎద్దులు నడుస్తుంటే వెనక నడిచే ఆడమనిషి జడ్డిగంలో గింజలు వదులుతుంది. పిడికిట్లోంచి గింజ జారే వేగమూ, ఎద్దు నడక వేగమూ ఒకటైతేనే సాలు సమంగా మొలుస్తుంది. ఒక గొట్టం పూడుకుపోతే ఆ వరస బోడి. అది ముందుగా కనిపెట్టేది ఆమె కన్నే. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రం చేసింది 1701 ప్రాంతంలో. ఆ శతాబ్ది చివర దక్షిణాదిన వున్న కెప్టెన్ హాల్కట్ అనే దొర, ఇది యూరపువాళ్ళు ఈమధ్య కనిపెట్టిందే అనుకునేవాడట. గుర్రం మీద పోతూ ఒక పొలంలో గొర్రు నడవడం చూసి, విచారిస్తే ఇక్కడ అనాదిగా వున్నదేనని తెలిసి, తన దేశపు వ్యవసాయ మండలికి ఉత్తరం రాశాడు. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో తన పుస్తకంలో ఆ లేఖను మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. దొర నాగలి కొయ్యను చూసి ఆశ్చర్యపోయాడు, సరే. జడ్డిగంలో గింజ వదిలిన చేతి లెక్క మాత్రం ఏ గ్రంథాల్లోకీ సరిగా ఎక్కలేదు.

ఇక రాట్నం. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. దారం తెగితే ముడి వెయ్యడం, కదురు వంకరపోతే సరిచెయ్యడం, కిర్రుమంటే చుక్క నూనె వెయ్యడం, ఇవన్నీ ఆడవాళ్ళు చేసుకున్న మరమ్మతులే. దాన్ని మాత్రం యంత్రవిద్య అని ఎవరూ అనలేదు, ఇంటిపని అన్నారు.

1929లో అఖిల భారత చరఖా సంఘం మెరుగైన రాట్నం చేసినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. షరతుల్లో ఒకటి వినండి: గుడిసెలో కూర్చున్న ఆడమనిషి పెద్దగా అలసిపోకుండా ఎనిమిది గంటలు తిప్పగలగాలి. ఖరీదు నూటయాభై రూపాయలు దాటరాదు. షరతులన్నీ నెరవేర్చి ఆ బహుమతి అందుకున్నవారు లేరు. ఆ తరువాత ఎరవాడ జైల్లో గాంధీగారు పెట్టెరాట్నానికి మెరుగులు దిద్దారు. అందులో కిటుకు ఇది. ఒక్క పెద్ద చక్రానికి బదులు రెండు చిన్న చక్రాలు. మొదటిది రెండోదాన్ని తిప్పుతుంది, రెండోది కదురును తిప్పుతుంది. మొదటి మెట్టులో వేగం ఎనిమిదింతలు, రెండో మెట్టులో పదింతలు పెరిగిందనుకోండి, మొత్తం ఎనభై ఇంతలు! అంత పెద్ద చక్రం పని పెట్టెలో మడిచి చంకన పెట్టుకుపోవచ్చు. ఇవాళ పెట్టెల్లో అమ్మే కొయ్యబొమ్మల పళ్ళచక్రాల్లో వున్నది కూడా ఈ గుణకారమే.

ఆలోచించండి. ఎవరి ఒంటికి సరిపడాలో షరతుగా రాశారు, కాని ఆ ఒంటివాళ్ళ చేతికి ఉలీ బాడిసా ఇవ్వాలని మనకు తోచలేదు. గొర్రు వెనక నడిచింది, రాట్నం ముందు కూర్చుంది, కవ్వం తాడు లాగింది, బావి గిలక కింద నిలుచుంది. మరను నడిపిన చెయ్యే, మరను విప్పే చెయ్యి మాత్రం కాలేదు. ఈ తేడా మొదలయ్యేది ఎక్కడో కాదు, ఆ ఆటల దగ్గరే.

అందుకని నా మనవి. ఈ వేసవి సెలవుల్లో కొయ్యబొమ్మ పెట్టె కొనే స్తోమత వుంటే కొనండి, కొని అమ్మాయి ముందు పెట్టండి. తప్పు బిగిస్తే మీరు అందుకోకండి, విప్పి మళ్ళీ బిగించనివ్వండి. కొనలేకపోయినా చింత లేదు. అట్టముక్కలు, అగ్గిపెట్టెలు, ఖాళీ దారపు ఉండలు, పండ్లపెట్టె చెక్క చాలు. రెండు దారపు ఉండలు, ఒకటి లావు, ఒకటి సన్నం, మేకులకు తగిలించి వాటికి రబ్బరు పట్టీ వేసి తిప్పించండి. పెద్దది ఒకసారి తిరిగితే చిన్నది ఎన్నిసార్లు తిరిగిందో అమ్మాయే లెక్కపెట్టాలి. లెక్కల పుస్తకంలో నిష్పత్తి అన్నది ఏమిటో ఆ రోజున దానికి అర్థమవుతుంది.

ఇంకొక పని కూడా వుంది. ఎద్దులబండికి రబ్బరు టైర్లు వచ్చాయి, గొర్రు స్థానంలో ట్రాక్టరు వచ్చింది. కుండ, ఆకులు, పూటీలు, ఇరుసు, కడచీల, ఈ పేర్లు తెలిసిన వడ్రంగి తాతలూ, జడ్డిగం పట్టిన అవ్వలూ ఇంకా మన ఊళ్ళల్లో వున్నారు. పిల్లలను వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, జానెడు గొర్రు ఒకటి, జానెడు బండి ఒకటి చేయించండి. ఒక్కొక్క ముక్క పేరు అట్ట మీద రాయించండి. అవ్వను మాత్రం తప్పక అడగమనండి: గింజ పిడికిట్లోంచి ఎలా వదిలేదానివని. వడ్రంగికి తెలియని సంగతి అది.

చక్రం ఇరుసు మీద నుంచి జారిపోకుండా పట్టి వుంచేది వేలెడంత కడచీల. బండి అంతా తయారయ్యాక చివర పెట్టేది అదే. ఈసారి ఆ కడచీల మీ అమ్మాయి చేత పెట్టించండి.