నేత్ర తర్పణం

కంటి చుట్టూ మినప్పిండితో కట్ట కట్టి, గోరువెచ్చగా కరిగించిన ఔషధ ఘృతాన్ని అందులో పోసి, కొంతసేపు నిలిపి ఉంచే ఆయుర్వేద చికిత్సను నేత్ర తర్పణం అంటారు. తర్పణమంటే తృప్తిపరచడం. పితృదేవతలకు వదిలే నీళ్లకూ ఇదే మాట. ఇక్కడ తృప్తి పొందేది అలసి ఎండిన కన్ను. పొద్దస్తమానం కంప్యూటర్, ఫోన్ చూసి కళ్లు మండుతున్నాయంటూ వచ్చేవారికి నేటి ఆయుర్వేద వైద్యులు తరచుగా సూచించే చికిత్సల్లో ఇదొకటి.

ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో శాలాక్యం ఒకటి. కాలర్ ఎముకలకు పైన ఉండే అవయవాల జబ్బులన్నీ దాని కిందికే వస్తాయి. ఆ పేరుకు మూలమైన శలాక అంటే సన్నని పుల్ల. కాటుక పెట్టడానికైనా, శుక్లాన్ని పొడిచి పక్కకు నెట్టడానికైనా ఆ రోజుల్లో అదే పనిముట్టు. ఈ శాస్త్రానికి ఆద్యుడు విదేహ రాజు నిమి అని సంప్రదాయం చెబుతుంది. ఆయన పేరిట ఉన్న గ్రంథం నశించింది. మనకు మిగిలిన పెద్ద ఆధారం సుశ్రుత సంహిత. నేపాల్లో దొరికిన దాని తాళపత్ర ప్రతి ఒకటి క్రీ.శ. 878 నాటిది. సంహితలోని ఉత్తర తంత్రం కంటి జబ్బులతోనే మొదలవుతుంది. సుశ్రుతుడు వాటిని 76గా లెక్కించాడు. తరువాతి ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు 94 అన్నాడు.

ఉత్తర తంత్రం తొలి అధ్యాయం చెప్పే కారణాలు చదివితే నేటి పాఠకుడు ఆగిపోతాడు. ఎండన పడి వచ్చి వెంటనే చన్నీళ్లలో దిగడం, పొగ, ఎడతెగని ఏడుపు, వస్తున్న కన్నీటిని ఆపుకోవడం వంటి వాటి సరసనే పగలు నిద్ర–రాత్రి మేలుకువ, అతి సూక్ష్మమైన వాటిని తదేకంగా చూడడం కూడా ఉన్నాయి. శుష్కాక్షిపాకం అనే జబ్బు వర్ణన కూడా అలాంటిదే: రెప్పలు గరుకుగా, బిరుసుగా మారి కళ్లు తెరవడమే కష్టమవుతుంది, చూపు మసకబారుతుంది. నేటి ఆయుర్వేద వైద్యులు పొడి కంటి సమస్యను ఎక్కువగా దీనితోనే పోలుస్తారు. రెండూ అచ్చంగా ఒకటేనని మాత్రం చెప్పలేం.

తర్పణ విధానం ఉత్తర తంత్రం 18వ అధ్యాయంలో ఉంది. ముందు ఒంటినీ తలనూ శుద్ధి చేయాలి. తిన్నది అరిగాక, గాలి, ఎండ, దుమ్ము లేని గదిలో రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మినప్పిండి కట్ట ఎక్కడా కారకుండా గట్టిగా ఉండాలి. వేడి నీటి మీద కరిగించిన నేతి తేటను రెప్ప వెంట్రుకలు మునిగేదాకా పోయాలి. గడియారం లేని కాలం కనుక సమయాన్ని మాత్రలు లెక్కపెట్టి కొలిచేవారు: ఆరోగ్యంగా ఉన్న కంటికి 500, కఫ దోషానికి 600, పిత్తానికి 800, వాతానికి 1000. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు. సుశ్రుతుడి కాలమానంలో అదే రెప్పపాటు. అంటే కంటికిచ్చే విశ్రాంతిని కంటి రెప్పతోనే కొలిచారన్నమాట. తెర వైపు చూసేటప్పుడు రెప్పపాట్లు బాగా తగ్గుతాయనీ, అందువల్ల కన్నీటి పొర ఆరిపోతుందనీ ఇప్పటి నేత్ర వైద్యం గుర్తించింది.

లెక్క పూర్తయ్యాక నేతిని కంటి బయటి కొన వైపు నుంచి వంచి, ఉడికించిన యవల పిండితో తుడిచి శుభ్రం చేస్తారు. సుఖమైన నిద్ర, హాయైన మెలకువ, చూపులో తేట చికిత్స సరిగ్గా జరిగిందనడానికి గుర్తులు. మోతాదు మించితే కన్ను బరువెక్కి, జిడ్డుగా, దురదగా ఉంటుంది. తర్పణం తరువాత మంట, గాలి, ఆకాశం, అద్దం, మెరిసే వస్తువులు చూడరాదన్న నియమమూ ఉంది. నేటి వైద్యులు ఆ జాబితాలో ఫోన్‌ను చేర్చడం న్యాయమే.

కంటికి సుశ్రుతుడు తర్పణం, పుటపాకం (పుటంలో వండిన మందు రసం పోయడం), సేకం (ధారగా పోయడం), ఆశ్చ్యోతనం (చుక్కలు వేయడం), అంజనం (కాటుకలా పెట్టడం) అనే ఐదు క్రియలు చెప్పగా, తరువాతి గ్రంథకర్త శార్ఙ్గధరుడు వాటికి పిండి (మందు ముద్ద కట్టడం), బిడాలకం (రెప్పల మీద పూత) కలిపి ఏడు చేశాడు. వాగ్భటుడినే ప్రమాణంగా తీసుకున్న కేరళ వైద్యులు ఈ విద్యను విడవకుండా కాపాడారు. లేత కొబ్బరి నీళ్లతో కాచే ఇళనీర్ కుళంబు అనే కంటి మందు వారిదే. అది వేసిన కాసేపు కన్ను భగ్గున మండి నీరు కారుతుంది. తెలుగునాట శాస్త్రీయ తర్పణం కన్నా ఇంటి పద్ధతులే ఎక్కువగా నిలిచాయి: మూసిన రెప్పల మీద నందివర్ధనం పూలు, పప్పులో పొన్నగంటి కూర, ఆ ఆకు రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డ వత్తిని ఆముదంలో వెలిగించి పట్టిన కాటుక. ఇంటి కాటుకకూ బజారు సుర్మాకూ తేడా తెలియాలి. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది, పసిపిల్లలకు అది విషం.

నేడు తర్పణానికి ఎక్కువగా వాడేది మహాత్రిఫల ఘృతం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ దీనికి మూలం. నేతిలోని కొవ్వు కన్నీటి పై పొరకు ఊతమిచ్చి, నీరు త్వరగా ఆవిరి కాకుండా ఆపుతుందన్నది దీన్ని సమర్థించేవారి వివరణ. దీనిపై వచ్చిన పరిశీలనలు చాలావరకు కొద్దిమంది రోగులతో చేసినవే. ఉపశమనం కనిపించిందని అవి చెప్పినా, గట్టి నిర్ధారణకు ఆ ఆధారం చాలదు. కళ్లజోడు అవసరమైన దృష్టి దోషం నేతితో పోదు. తర్పణంతో పాటు చీకటిగదిలో, కళ్లకు పనిలేకుండా గడిపే విశ్రాంతి కూడా మేలు చేస్తుందనుకోవడం సమంజసం.

శుభ్రత విషయంలో రాజీ కుదరదు. ఇంట్లో కాచిన నెయ్యి, తేనె, కషాయం కంట్లో వేసుకుంటే సూక్ష్మజీవులు చేరి నల్లగుడ్డుకు పుండు పడే ప్రమాదం ఉంది. కాంటాక్ట్ లెన్సులు తీయకుండా తర్పణం చేయరాదు. ఉపద్రవం శాంతించని కంటికి ఇది పనికిరాదని సుశ్రుతుడే నిషేధించాడు. ఎర్రబడి నొప్పి పుడుతున్నా, చూపు హఠాత్తుగా తగ్గినా ముందు వెళ్లవలసింది నేత్ర వైద్యుడి దగ్గరికే.