నిర్దోషులన్న తీర్పుపై ప్రభుత్వ అప్పీలు ఏ కోర్టుకు?

కోర్టు నిర్దోషి అని విడుదల చేసినంత మాత్రాన కేసు ముగిసినట్లు కాదు. ఆ తీర్పుపై ప్రభుత్వం అప్పీలు చేయవచ్చును. తెలంగాణ నుండి వలస వచ్చి సోలాపూర్ తూర్పు భాగంలో మగ్గాలపై జీవిస్తున్న పద్మశాలి కుటుంబాలు, సరిహద్దు గ్రామాలలోని వారి బంధువులు ఈ నిబంధనలను తెలిసికొనుట అవసరం.

ఏ చట్టం?

లోగడ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 378వ సెక్షన్ దీనికి ఆధారం. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చినందున, ఇప్పుడు 419వ సెక్షన్ వర్తిస్తుంది.

సెషన్స్ కోర్టుకు వెళ్లేవి

పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా లభించని నేరంలో మేజిస్ట్రేటు నిందితుని విడుదల చేస్తే, అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. భార్యను భర్త, అత్తమామలు హింసించారన్న కేసు ఇందుకు ఉదాహరణ. అప్పీలు చేయవలసిందిగా పబ్లిక్ ప్రాసిక్యూటరును ఆదేశించేది జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు.

హైకోర్టుకు వెళ్లేవి

హత్య వంటి కేసులలో సెషన్స్ కోర్టు విడుదల చేస్తే, రాష్ట్ర ప్రభుత్వ ఆదేశంపై అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. బెయిలు హక్కుగా లభించే చిన్న నేరాలలో మేజిస్ట్రేటు ఇచ్చిన విడుదల తీర్పుపై కూడా ప్రభుత్వం హైకోర్టుకే వెళ్లవలెను. హైకోర్టు ముందుగా అనుమతి ఇస్తేనే అప్పీలు విచారణకు వస్తుంది. ప్రభుత్వానికి గడువు 90 రోజులు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చును.

ముంబయి కాదు, కొల్హాపూర్

2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు సర్క్యూట్ బెంచ్ కొల్హాపూర్‌లో ప్రారంభమైనది. కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, సోలాపూర్, రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాలు దాని పరిధిలోనివి. కనుక సోలాపూర్ వారు ఇక ముంబయి వరకు ప్రయాణించనక్కరలేదు.

నిందితుని స్వగ్రామం తెలంగాణలో ఉన్నా, సోలాపూర్‌లో విచారించిన కేసు హైదరాబాదులోని హైకోర్టుకు పోదు. అక్కలకోట అవతల కలబురగి జిల్లాలోను, ప్రక్కనున్న విజయపుర జిల్లాలోను విచారించిన కేసులు కర్ణాటక హైకోర్టు కలబురగి బెంచ్‌కు చెందుతాయి.

బాధితుల హక్కు

ప్రభుత్వం ఊరకున్నా బాధితులు స్వయంగా అప్పీలు చేయవచ్చును. ఈ హక్కు 2009 డిసెంబరు 31 నుండి అమలులో ఉన్నది. ఇందుకు ముందస్తు అనుమతి అక్కరలేదని కర్ణాటకకు చెందిన మల్లికార్జున కోడగలి కేసులో సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చినది. నూలు వ్యాపారంలో చెక్కు చెల్లక నష్టపోయినవారిని కూడా బాధితులుగానే పరిగణించవలెనని 2025లో అదే కోర్టు చెప్పినది.

విడుదలైనవారికి రక్షణ

విడుదలయ్యేవారి నుండి, పై కోర్టు పిలిచినపుడు హాజరు కాగలమని బాండు తీసికొంటారు. అది ఆరు నెలలు అమలులో ఉంటుంది. నోటీసు వస్తే నిర్లక్ష్యం చేయరాదు.

అప్పీలులో సాక్ష్యాన్ని మొత్తం తిరిగి పరిశీలించే అధికారం పై కోర్టుకు ఉన్నది. అయితే క్రింది కోర్టు తీర్పుతో నిందితుని నిర్దోషిత్వం మరింత బలపడుతుంది. సాక్ష్యం నుండి రెండు అభిప్రాయాలకు అవకాశమున్నపుడు విడుదల తీర్పును కదల్చరాదని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. హైకోర్టు విడుదలను రద్దు చేసి మరణశిక్షగాని, యావజ్జీవంగాని, పదేళ్లు లేదా అంతకు మించిన జైలుగాని విధిస్తే, సుప్రీంకోర్టుకు అప్పీలు చేసికొనుట నిందితుని హక్కు.

చేయవలసినది

తీర్పు వెలువడిన వెంటనే ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు చేయవలెను. నకలు సిద్ధమగుటకు పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, అల్పాదాయ వర్గాలకు జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.