ఎక్కుపెట్టడం
‘విమర్శలు ఎక్కుపెట్టారు’ అని పత్రికలు రాస్తున్నాయి, గురిపెట్టడమనే అర్థంలో. అసలు ఎక్కుపెట్టడమంటే విల్లు వంచి నారిని వింటికొప్పుకు ఎక్కించడం. సీతా స్వయంవరంలో రాజులు ఓడింది ఆ పనిలోనే. గురిచూసి కొట్టే పందెం ద్రౌపదిది. బాణాన్ని నారికి కలపడం సంధించడం, ‘సంధి’కి చుట్టం, ఇప్పుడు ప్రశ్నలూ సంధిస్తున్నాం. సరదాగా విలువిద్య మొదలెట్టినవాళ్లు కొసలు బయటికి వంపు తిరిగిన రికర్వ్ విల్లును నిజంగానే ఎక్కుపెడతారు. నారిని మరికాస్త మెలిపెడితే పొట్టిదై పిడికి దూరం జరుగుతుంది, మెలి విప్పితే దగ్గరవుతుంది. విల్లు సర్దుబాటులో అదో భాగం. ఆట అయ్యాక నారి దించేస్తారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ జ్యోతి సురేఖ వాడే, కప్పీలుండే కాంపౌండ్ విల్లుకు ఈ ఎక్కించడం, దించడం రోజూ ఉండవు. నారి బిగించే ఉంటుంది. ఇక ‘ఎక్కుపెట్టారు’ అని రాసే తుపాకికైతే అసలు నారే లేదు, దానికి ‘గురిపెట్టు’ చాలు.