క్యాసెట్టు నుంచి యూట్యూబు దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత మౌఖిక సంస్కృతి – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మౌఖిక సాహిత్యానికి గొంతే గ్రంథం. 1950ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలపై పరిశోధన చేసిన కాలంలో సేకర్తలకు కలం, కాగితమే ప్రధాన సాధనాలు. గేయం పాఠంగా భద్రమైంది గాని, పాడినవారి గొంతు, వరుస, వంత పుటల మీదికి రాలేదు. తర్వాత వచ్చిన ధ్వని సాంకేతికత ఆ గొంతును నిలిపింది. అయితే నిలిపే క్రమంలో దాన్ని మార్చింది కూడా. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల పరిధిలో ఈ మార్పు స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

మాట మోసిన క్యాసెట్టు

1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన క్యాసెట్టు ఉత్తర తెలంగాణ పల్లెలకు విస్తృతంగా చేరడంలో గల్ఫ్ వలసల పాత్ర గణనీయమైనది. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారు దుబాయి, మస్కట్, సౌదీలకు పనికి వెళ్లసాగారు. సెలవుపై తిరిగివచ్చేవారి సామానులో టేప్‌రికార్డరు తప్పనిసరి వస్తువైంది. చదువురాని తల్లి కొడుకుకు ఉత్తరం పంపాలంటే రాసేవారొకరు, అక్కడ చదివేవారొకరు కావాలి. ఆ ఇద్దరి ముందు చెప్పుకోలేని మాట మనసులోనే ఉండిపోయేది. క్యాసెట్టు ఆ మధ్యవర్తులను తొలగించింది. మాటతోపాటు ఏడుపు, నిట్టూర్పు, మధ్యలో పసిపిల్ల కేరింత కూడా సముద్రం దాటాయి. అక్షరాస్యత లేనివారికి ఇది తొలి స్వతంత్ర లేఖా ప్రక్రియ. అయినా ఇంటింటి క్యాసెట్టు సాహిత్య చరిత్రలో చోటు పొందలేదు. దానిపై మళ్లీ మరో మాట రికార్డు చేయడం వల్ల చాలా గొంతులు చెరిగిపోయాయి.

కథ నిడివి

పాటల క్యాసెట్టు మరో మార్పు తెచ్చింది. ఉత్తర భారతంలో క్యాసెట్టు సంగీత వ్యాపారాన్ని చిన్న ఉత్పత్తిదారులకు, ప్రాంతీయ ప్రక్రియలకు అందుబాటులోకి తెచ్చిందని పీటర్ మాన్యుయెల్ 1993లో నిరూపించారు. తెలంగాణలోనూ జానపద, ఉద్యమ గీతాలు ఆ దారినే ఇంటింటికీ చేరాయి. ఒగ్గుకథకు మాత్రం చిక్కు వచ్చింది. సి. నారాయణరెడ్డి స్వగ్రామమైన హన్మాజీపేటకే చెందిన ప్రసిద్ధ ఒగ్గు కళాకారుడు మిద్దె రాములు వంటివారి ప్రదర్శన రాత్రంతా సాగేది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపుకు ముప్పై నిమిషాలే. శ్రోతల ఉత్సాహాన్నిబట్టి కథను పెంచే, తగ్గించే స్వేచ్ఛ అక్కడ కథకునికి లేదు. యూట్యూబు ఈ నిడివి పరిమితిని తొలగించింది. గంటల తరబడి సాగే కథలు ఇప్పుడు అందులో లభిస్తున్నాయి. కాని 'ఊ' కొట్టే శ్రోత కథకుని ఎదుట లేడు.

యాసకు దక్కిన గౌరవం

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ ప్రారంభించిన 'మై విలేజ్ షో' భాషాపరంగా విశేషమైనది. తెలుగు సినిమాలో తెలంగాణ యాస చిరకాలం హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితమైంది. ఈ దృశ్యాలలో అది కథనమంతటికీ భాష. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఏ శిక్షణా లేకుండా తన ఊరి మాటనే మాట్లాడి 2020లో బిగ్‌బాస్ వేదిక దాకా వెళ్లారు. వాల్టర్ ఆంగ్ ప్రతిపాదించిన 'ద్వితీయ మౌఖికత' రాత, ముద్రణలపై ఆధారపడినది. గంగవ్వ విషయంలో మాత్రం ప్రథమ మౌఖికత నేరుగా తెరమీదికి వచ్చింది.

వంత, బలగం

బతుకమ్మ ఆటలో ఒకరు చరణం అందిస్తే తక్కినవారు పల్లవి అందుకుంటారు. ఏటా విడుదలయ్యే కొత్త పాటలు డీజే పెట్టెల్లో మోగుతున్నచోట చప్పట్లు, అడుగులు మిగులుతున్నాయి. అందుకునే గొంతులు తగ్గుతున్నాయి. దీర్ఘ కథాగేయాలు తెలిసిన వృద్ధ స్త్రీకి పాడే సందర్భం రాకపోతే, వినే కోడలికి నేర్చుకునే సందర్భమూ రాదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2023లో వేణు యెల్దండి దర్శకత్వంలో వచ్చిన 'బలగం'. సిరిసిల్ల ప్రాంత జీవితాన్ని చూపిన ఈ చిత్రం చివర బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు చావు సందర్భంలో బంధువుల ఎదుట పాడే సంప్రదాయాన్ని వినిపించారు. పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి ఈ చిత్రాన్ని చూశారు. చెదిరిన శ్రోతృసమూహాన్ని సాంకేతికతే తిరిగి పోగుచేసిన సందర్భమిది. కాని తెర తెచ్చిన పేరు కళాకారునికి భద్రత ఇవ్వలేదు. చికిత్సకు ఇతరుల సాయం అవసరమైన స్థితిలో మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు.

పాట ఎవరిది?

సమష్టి సొత్తుగా భావించిన పాట డబ్బు తెచ్చే వస్తువు అయినప్పుడు హక్కు ప్రశ్న తలెత్తుతుంది. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగదరియా' పాటపై నడిచిన వివాదం ఇందుకు నిదర్శనం. యూట్యూబులో అనేక పాటల కింద 'సేకరణ' అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి సేకరించారో తెలియదు.

ముగింపు

క్యాసెట్టు నిరక్షరాస్యులకు లేఖ ఇచ్చింది. యూట్యూబు యాసకు గౌరవం ఇచ్చింది. రెండూ గొంతును దూరాలకు చేర్చాయి గాని, వంత పాడే గొంతును, ఊకొట్టే శ్రోతను వెంట తీసుకుపోలేదు. పాఠాన్ని ముద్రించి పాడినవారి పేరు వదిలేసిన పాత సేకరణల లోపం, పేరు లేని వీడియోల రూపంలో పునరావృతమవుతున్నది. కనుక నేటి పరిశోధకుడు పాటతోపాటు పాడినవారి పేరు, ఊరు, సందర్భం, అనుమతి నమోదు చేయాలి. వంత గొంతులను కూడా వినిపించేలా రికార్డు చేయాలి. ఇళ్లలో మిగిలిన గల్ఫ్ క్యాసెట్లను కుటుంబాల సమ్మతితో భద్రపరచాలి. టేపు పాడైపోకముందే ఈ పని జరగాలి.